ఒకరికంటే ఎక్కువ దొరికితే

షెఫీల్డ్‌లో నవంబరు. నాలుగింటికే చీకటి.
మూడో అంతస్తు కిటికీ కింద
తడిసిన పట్టాల మీద ట్రామ్ కీచుమంటూ మలుపు తిరుగుతోంది.
నేనొక పనిముట్టుకి పరిచయపత్రం రాస్తున్నాను.

దాని పేరు యూజర్ లుకప్.
పేరో, ఈమెయిలో, ఇంటి నంబరో ఇస్తే
కౌన్సిల్ ఇళ్ళలో అద్దెకున్న మనిషిని వెతికిపెడుతుంది.
నా రాత చదివేది ఏజెంటు.
రాత్రి రెండింటికి ఎవరో వణుకుతూ రాస్తే
నిద్ర లేకుండా అందుకునేది.
ఆవలింత రాదు దానికి. అనుమానమూ రాదు.
నేను రాసిన ప్రతి మాటా నమ్ముతుంది,
రాయనిది ఊహించుకుంటుంది.

అక్కడే వచ్చింది తంటా.

మొదటిసారి ఒకే వాక్యం రాసి లేచాను:
"పేరు ఇస్తే మనిషి వివరాలు వస్తాయి."
ఇల్లు అలకగానే పండగనుకున్నాను.

పోయిన నెల డోరీన్ హెబుల్‌త్వైట్ ఇంట్లో బాయిలర్ చల్లారింది.
అదే వీధిలో ఇంకో డోరీన్ హెబుల్‌త్వైట్ ఉంది.
మేనత్త పేరే మేనకోడలికి పెట్టారు.
జాబితాలో మేనకోడలు పైన ఉంది.
ఏజెంటు పైనున్న పేరు పట్టుకుంది.
మెకానిక్ వెళ్ళి వెచ్చగా ఉన్న ఇంటి తలుపు కొట్టి
అంతా సవ్యంగానే ఉందని రాసుకుని
టీ తాగి వచ్చాడు. కేసు మూసేశారు.
పెద్దావిడ మూడు రాత్రులు కోటు తొడుక్కుని పడుకుంది.

మేం ఫోన్ చేసి క్షమాపణ చెబితే
"పాపం పిల్లదేం చేస్తుంది,
ఆ పేరు పెట్టమన్నది నేనే" అంది.
తిట్టి ఉంటే బాగుండేది.

ముప్పయ్యేళ్ళు కౌంటర్లో కూచున్న ఐలీన్‌కి
ఇద్దరు డోరీన్‌లూ తెలుసు:
కుక్క ఉన్న డోరీన్, కుక్క లేని డోరీన్.
మా పట్టికలో కుక్కకి గడి లేదు.

ఇవాళ మళ్ళీ రాస్తున్నాను.
ఎవరూ దొరక్కపోతే ఖాళీ జాబితా వస్తుంది.
ఖాళీ కూడా ఒక జవాబే,
దగ్గరగా వినిపించే పేరుతో దాన్ని నింపకు.
ఒక్కరే దొరికితే చిరునామా సరిచూడు.
ఒకరికంటే ఎక్కువ దొరికితే
ఎంచుకోకు.
అడుగు.

పరీక్షకి నా పేరే కొట్టి చూశాను.
గుడిమెళ్ళ వకుళ. సున్నా.
ఇంటిపేరు ముందు నడవడం దానికి తెలీదు.
వకుళ గుడిమెళ్ళ. ఇద్దరు.
ఇద్దరూ నేనే.
ఒకామెకి ఒక 'ఎల్' తక్కువ. అద్దెకి దిగిన రోజు
గుమాస్తా తనకి వినపడినట్టు రాసుకున్న మనిషి.
నేను సరిదిద్దమంటే రెండో ఆమె పుట్టింది,
మొదటామె పోలేదు.
మేనర్ టాప్‌లో, నేను ఖాళీ చేసిన ఫ్లాట్‌లో
ఏడేళ్ళ కిందటి ఫోన్ నంబరుతో
ఇంకా కాపురముంటోంది.
ఆ నంబరుకి చేస్తే ఎవరు పలుకుతారో.

టాడియుష్ చదివి పక్కన గీశాడు:
"పొడుగైంది. 'దయచేసి' తీసెయ్,
దానికి మర్యాదలతో పని లేదు."
తీసేశాను.
"'అడుగు' ఒక్కటీ ఒక లైన్‌లో ఎందుకు?"
అదుండనీ అన్నాను.

చివర ఉదాహరణ ఒకటి కావాలి.
డోరీన్‌ని పెట్టలేను, ఆవిడ పడ్డది చాలు.
ఎవరిదీ కాని పేరు పెట్టబుద్ధి కాలేదు.
నాదే పెట్టాను, రెండు స్పెల్లింగులతోనూ.

ఇక ప్రతి ఏజెంటూ పనిలోకి దిగేముందు
ఒకసారి నన్ను వెతుకుతుంది.
ఇద్దరం దొరుకుతాం.
అప్పుడది ఆగి
"మీలో ఎవరు?" అని అడగాలి.

ట్రామ్ వెళ్ళిపోయింది. ఇంకోటి పన్నెండు నిమిషాలకి.
కోటు గుండీలు పెట్టుకుంటూ
ఏం చెప్పాలా అని చూస్తున్నాను.